మంచుకాటు



పాముకాటు, తేలుకాటు మన మెఱుఁగుదుము. మంచుకాటు మన సీమలవారి కంతగాఁ దెలియదు. దానినిగూర్చి నేను బడిలో బాలురకుఁ దప్పు పాఠము చెప్పితిని. నేఁడు దానిని దిద్దుకొనఁ గోరుచున్నాను.

గడ్డకట్టించు చలి సోఁకఁగనే శరీరము, గుండె మొదలగు ముఖ్యాంగముల వేఁడిమిని నిలుపుకొనుటకై కాలుసేతులకుఁ బోవు రక్తనాళములను ముడిచివేయును. కఱవుదినములందు రైతు త్రాగునీటికై తోఁటకు నీరు మానినట్లే యిదియును. పిదప వ్రేళ్లలోఁ గణముల నడుమ నీరు గడ్డకట్టి, కణములలోని నీటిని వెలికి లాగును. మొదట సూదులు గ్రుచ్చినట్లుండును. తరువాత స్పర్శయే యుండదు. నొప్పి తగ్గినదని సంతసించుట ప్రమాదము. మంచు కరఁగిన పిమ్మటను నాళములలో రక్తము పేరుకొని మాంసము చచ్చును.

1812లో నెపోలియను సేన రష్యానుండి మరలునప్పుడు, శస్త్రవైద్యుఁడు లారే, నిప్పుకడఁ గాఁచుకొన్న కాళ్లు కుళ్లుట చూచి, మంచుతో రుద్దుటయే మేలనెను. ఆ మాట నూఱేండ్లకుఁ బైగాఁ జెల్లెను. నేనును దానినే చెప్పితిని.

హిమాలయమున సైనికుఁడైన నా శిష్యుఁ డొకఁడు సెలవుపై వచ్చి, “పంతులుగారూ! మీ మాట తలఁచి కాలిని మంచుతో రుద్దఁబోఁగా, తోడివాఁడు చేయి పట్టుకొని యాపెను” అనెను. వాని కొక వ్రేలు పోయినది, పాదము దక్కినది.

రుద్దినచో గడ్డకట్టిన మాంసము చితుకును. స్పర్శలేని కాలు నిప్పుకడఁ గాలినను దెలియదు. మరల గడ్డకట్టు భయములేని చోటు చేరిన పిదపనే, 37 మొదలు 39 డిగ్రీల గోరువెచ్చని నీట నుంచి, వైద్యునికిఁ జూపవలెను.

నా కడఁ జదివినవారెల్లరును ఈ దిద్దుబాటును గైకొందురు గాక!