నల్ల మచ్చ – ముక్క పరీక్ష
(తొగుటలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను, గుమాస్తాను. చదివి, అడిగి తెలుసుకున్నంత మేరకు చెప్తాను.

చర్మానికి రంగునిచ్చే కణాలకు వచ్చే కాన్సరు మెలనోమా. ఆలస్యమైతే గజ్జల్లో బిళ్లలు కట్టి, ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. మనవారిలో తక్కువే గాని, వస్తే తరచు అరికాలిలోనో గోరు కిందనో వస్తుంది. ముండ్లు, రాళ్లు ఎరిగిన కాళ్లు మనవి. ఆనె అనో, ముల్లు విరిగిందనో ఏండ్లు గడుపుతాము. జమైకా గాయకుడు బాబ్ మార్లీ బొటనవేలి మచ్చను కూడా ఫుట్‌బాల్ దెబ్బ అనే అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981లో, 36వ ఏట పోయాడు.

అట్లని నల్లనిదంతా మెలనోమా కాదు. మన వయసులో వీపు మీద మైనం అంటించినట్లు లేచే నల్ల పొక్కులు చాలావరకు హాని లేనివి. ముక్కు పక్కన, కనురెప్ప మీద నల్లగా మెరుస్తూ మెల్లగా పెరిగి పుండుపడేది బేసల్ సెల్ కార్సినోమా కావచ్చు. అదీ కాన్సరే, కాని దూరానికి పాకడం చాలా అరుదు. కోసి తీస్తే చాలావరకు నయమవుతుంది. చూపుకు మాత్రం మెలనోమాలాగే ఉంటుంది.

బహు అరుదైనది ఇంకొకటి, క్లియర్ సెల్ సార్కోమా. పాదము, చీలమండ దగ్గర లోపల గడ్డగా, ఎక్కువగా పడుచువారికి వస్తుంది. 1965లో ఎంజింగర్ అనే వైద్యుడు దీనిని వేరుగా గుర్తించాడు. మెలనోమాకు చేసే ఎస్-100, హెచ్.ఎం.బి.-45 పరీక్షలు దీనిలోనూ పాజిటివ్ వస్తాయి. అంటే మైక్రోస్కోపు కింద కూడా పొరపడవచ్చు. 12, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైనవా అని జన్యు పరీక్ష చేస్తే గాని తేలదు. రెండింటికీ వైద్యం ఒకటి కాదు మరి!

అందుకే నా మనవి. సున్నం, సోడా పెట్టి మచ్చలు రాల్చకండి. కోయించుకుంటే ఆ ముక్క పరీక్షకు పోయిందా అని అడగండి. పారేస్తే కాపీ లేకుండా ఫైలు తగలబెట్టినట్లే. రిపోర్టుతో పాటు మైనపు బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకొని భద్రపరచండి. అనుమానముంటే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆస్పత్రివంటి చోట మళ్లీ చూపించవచ్చు.

మన సర్వీసు రిజిస్టర్లలో గుర్తుల కింద పుట్టుమచ్చలు రాసి ఉన్నవి కదా. ఆ మచ్చ ఒకపక్క పెరిగినా, అంచు చెదిరినా, రంగులు మారినా, రక్తం కారినా, గోటిలో నల్ల చార వెడల్పవుతున్నా చర్మ వైద్యునికి చూపించండి. వంగలేనివారు అరికాలి కింద అద్దం పెట్టుకోండి, లేదా మనుమలను చూడమనండి.

సెలవు.