టాబా, లాప్‌టాపా? దుకాణానికి పోయేముందు ఇంటికి ఒక ఫోన్

(మొన్న సెలవు రోజు క్యాంపు మెస్ హాల్లో మన ఏసీ మెకానిక్ అన్న మాట్లాడిన మాటలు ఇవి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు రికార్డింగ్ అడిగారు. ఫ్యాన్ల మోతలో సరిగా వినపడటం లేదు కాబట్టి రాసి పెడుతున్నాం.)



నేను కంప్యూటర్ చదివినోణ్ణి కాదు. పద్నాలుగేళ్లుగా దుబాయిలో ఏసీలు విప్పి బిగించే పని నాది. అయినా ఈ ముచ్చట నన్నే చెప్పమన్నారు, ఎందుకంటే ఇందులో ఒకసారి బోల్తా పడ్డది నేనే. ఈ మధ్య గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "సెలవు మీద ఊరికి పోతున్న. బిడ్డ లాప్‌టాప్ పాతదైంది, సతాయిస్తుంది. ఇంట్ల ఉన్న టాబ్ కూడా పాతదే. పైసలు ఒక్కదానికే ఉన్నయి. కొత్త టాబ్ తీసుకోవాల్నా, లాప్‌టాప్ మార్చాల్నా?"

నా సంగతి చెప్తాను, వినండి. మా బిడ్డ 2023లో బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. అప్పటికే ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది. మా ఆఫీసు అకౌంటెంట్ వాడి వదిలేసింది, నాలుగు వందల దిర్హమ్‌లకు నాకిచ్చాడు. చేరిన కొద్ది నెలలకే బిడ్డ ఫోన్లో అంది, "బాపూ, లాప్‌టాప్ మస్తు స్లో అయింది. ఆన్ చేసి అన్నం తిని వచ్చినా తెరుచుకుంటలేదు." నేను విన్నాను. విని ఊరుకోలేదు, మళ్లీ అడగనూ లేదు. నా అంతట నేనే నిర్ణయం చేసేశాను. 2024 ఫిబ్రవరిలో సెలవు మీద పోతూ తొమ్మిది వందల దిర్హమ్‌లు పెట్టి టాబ్ కొన్నాను. నెలన్నర ఓవర్‌టైమ్ పైసలు అవి. పెద్ద స్క్రీన్, తళతళ మెరుస్తోంది, దుకాణపాయన "స్టడీ కోసం బెస్ట్ పీస్ భాయ్" అన్నాడు. ఇంటికి పోయి బిడ్డ చేతిలో పెట్టాను. నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మళ్లీ విమానం ఎక్కాను.

ఆరు నెలల తరవాత మా ఇంటామె మాటల్లో మాటగా అంది, "పిల్ల రోజూ చీకటి పడ్డాక వస్తుంది." ఎందుకు అంటే, కాలేజీ బస్సు నాలుగున్నరకు పోతుంది. బిడ్డ మాత్రం ల్యాబ్ మూసేదాకా అక్కడే కూర్చుని ప్రోగ్రాములు రాసుకుని, షేర్ ఆటో పట్టుకుని ఊరి స్టేజీ దగ్గర దిగి నడిచి వస్తోంది. నాకు కోపం వచ్చింది. ఇంట్లో లాప్‌టాప్ ఉంది, కొత్త టాబ్ ఉంది, ఇదేం పని అని బోటిమ్‌లో ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, "టాబ్‌ల మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఎక్కది బాపూ. వీడియోలు చూసుకోవచ్చు, పీడీఎఫ్‌లు చదువుకోవచ్చు, అంతే. నువ్వు అంత ప్రేమతోని తెచ్చినవ్. ఎట్ల చెప్పాలె?"

నా నోట మాట రాలేదు. ఏసీ చల్లబడటం లేదంటే కొత్త రిమోట్ కొని చేతిలో పెట్టినట్టయింది నా పని. అది కూడా ఆ పనిలోనే బతికే మనిషిని నేను.

అందుకే నేను మొదట చెప్పేది ఇది. దుకాణానికి పోయేముందు ఇంటికి ఒక ఫోన్ చేయండి. "ఏం కావాలె" అని అడగకండి. అట్లా అడిగితే మన పిల్లలు "ఏదైనా సరే బాపూ" అంటారు, మన జేబు సంగతి వాళ్లకు తెలుసు కాబట్టి. "నిన్న ఏం పని చేసినవ్, దేంట్ల చేసినవ్, ఎక్కడ ఆగిపోయింది" అని అడగండి. అసలు జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు నాకు తెలిసినంత వరకు తేడా చెప్తాను. పిల్లవాడు ఏడో తరగతో, పదో తరగతో ఉండి, పాఠాల వీడియోలు చూడటం, పుస్తకాల పీడీఎఫ్‌లు చదవడం వరకే పని అయితే టాబ్ చాలు. ఇంటర్ పిల్లలకు కూడా చాలావరకు అదే. బీటెక్, పాలిటెక్నిక్, బీసీఏ, బీకామ్ కంప్యూటర్స్ అనగానే లెక్క మారుతుంది. చిన్న చిన్న ప్రోగ్రాములు రాసే యాప్‌లు టాబ్‌లో, ఫోన్లో కూడా ఉన్నాయి, లేవని కాదు. కానీ కాలేజీ ల్యాబ్‌లో నేర్పే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్ కోసం చేసింది. ట్యాలీ అంతే. సివిల్ పిల్లలు గీసే ఆటోక్యాడ్ పూర్తిగా కావాలన్నా కంప్యూటరే కావాలి. టాబ్‌కు కీబోర్డు తగిలిస్తే చూడటానికి లాప్‌టాప్ లాగే ఉంటుంది గానీ, లోపల ఉన్నది ఫోన్ బుద్ధే.

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. నేను తెచ్చిన టాబ్ వైఫై ఒక్కటే ఉన్న రకం, సిమ్ వేసే జాగా లేదు. మా ఊరింట్లో వైఫై ఎక్కడిది? అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవాలి. అమ్మ పొద్దున్నే పొలానికి పోతే ఫోన్ ఆమెతోనే పోతుంది. ఇక టాబ్ ఉండి ఏం లాభం? ఊరికి టాబ్ కొంటే సిమ్ వేసే రకం చూడండి. ధర కొంచెం ఎక్కువైనా సరే.

సరే, పాత లాప్‌టాప్ దగ్గరికి వద్దాం. పాతది అనగానే పారేయాల్సింది అనుకోకండి. మన పనిలో చూడమా, ఫిల్టర్ దుమ్ము పట్టి గాలి రాకపోతే కస్టమర్ "ఏసీ పోయింది, కొత్తది పెట్టండి" అంటాడు. లాప్‌టాప్ కూడా అంతే. మా బిడ్డతో వీడియో కాల్ పెట్టించి, ఇక్కడ మా రూమ్‌లో ఉండే కాకినాడ తమ్ముడు చూశాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కమన్నాడు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. అందులో డిస్క్ దగ్గర ఎంతసేపటికీ 100 శాతమే చూపిస్తోంది. "అన్నా, మిషిన్ మంచిదే. లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంది, అదే గొంతు పట్టుకుంటంది" అన్నాడు. కరీంనగర్‌లో ఒక రిపేరు దుకాణంలో ఆ డిస్క్ తీసేసి 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించాం, 4 జీబీ ఉన్న ర్యామ్ 8 చేయించాం. మజూరీతో కలిపి నాలుగు వేల రూపాయలు దాటలేదు. అన్నం తిని వచ్చినా తెరుచుకోనిది, నీళ్ల గ్లాసు తెచ్చుకునేలోపు తెరుచుకుంది. ఆ వారం నుంచి బిడ్డ నాలుగున్నర బస్సుకే ఇంటికి వచ్చింది. ఈ మధ్య ఎస్ఎస్‌డీ, ర్యామ్ ధరలు పెరిగాయి, కాబట్టి మీరు పోయినరోజు ధర అడిగి చూసుకోండి.

టాబ్‌కు ఈ సౌకర్యం లేదు. అందులో ర్యామ్ పెంచలేం. మెమరీ కార్డు వేస్తే ఫోటోలకు, వీడియోలకు జాగా వస్తుంది గానీ వేగం రాదు. మహా అయితే బ్యాటరీ, పగిలిన స్క్రీన్, చార్జింగ్ పిన్ మార్చవచ్చు. కంపెనీ ఆండ్రాయిడ్ అప్‌డేట్‌లు ఆపేసిన తరవాత ఒక్కొక్క యాప్ మొరాయిస్తుంది, ముందుగా బ్యాంకు యాప్‌లు. అంటే పాత లాప్‌టాప్‌ను బాగు చేయించే దారి ఒకటి ఉంది. పాత టాబ్‌ను "అప్‌గ్రేడ్" చేయడమంటే మాత్రం కొత్త టాబ్ కొనడమే.

అయితే లాప్‌టాప్‌కు కూడా ఒక గడువు వచ్చి పడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఆ మర్నాడు లాప్‌టాప్ ఆగిపోలేదు, ఇప్పటికీ నడుస్తుంది. కానీ దొంగ ప్రోగ్రాముల నుంచి కాపాడే అప్‌డేట్‌లు ఇక వాటంతట అవి రావు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోకి పోయి పేరు నమోదు చేసుకుంటే, ఇంట్లో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా ఆ రక్షణ ఇస్తామన్నారు. విండోస్ 11 వేద్దామంటే అన్ని లాప్‌టాప్‌లూ పనికిరావు. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం, ఆపైన ఉండాలి.

తరం ఎట్లా తెలుస్తుంది? సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో అబౌట్. ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5 పక్కన గీత పెట్టి 7200 అని ఉంటే ఏడో తరం. 8250 ఉంటే ఎనిమిదో తరం. 10210 ఉంటే పదో తరం, 1135 ఉంటే పదకొండో తరం. ఇది రాసి పెట్టుకోండి, సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు చాలా అక్కరకొస్తుంది. "ఐ7 హై భాయ్" అని పెద్ద స్టిక్కర్ చూపించి మూడో తరంది అంటగడతారు. మూడో తరం 2012లో వచ్చింది. ఎనిమిదో తరం ఐ3 అయినా మనకు దానికంటే నయం.

మా బిడ్డది 7200. ఏడో తరం. అంటే ఒక్క మెట్టు కింద.

ఈసారి నేను తొందరపడలేదు. నెల కిందట బిడ్డను అడిగాను, ఈ ఏడాది నీ పని ఏంది, వచ్చే ఏడాది ఏంది అని. మూడో సంవత్సరం అయిపోవస్తోంది. నాలుగో ఏడు ప్రాజెక్టు, దానికంటే ముందే కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు. ఆ పరీక్షలకు కెమెరా మంచిగ ఉండాలి, మధ్యలో ఆగొద్దు, టాబ్‌లో రాయనీయరు. అక్కడే తమ్ముడు కూడా ఉన్నాడు, తొమ్మిదో తరగతి. వాడికి కొత్త టాబ్ మీద కన్ను. వాణ్ణి కూడా అదే ప్రశ్న అడిగాను. నిన్న ఏం చేసినవురా అంటే అక్క నవ్వింది, వీడు గేమ్ పేరు చెప్పాడు. పాపం, అబద్ధం ఆడలేదు. అక్కడికి లెక్క తేలిపోయింది. ఈ సెలవుకు లాప్‌టాప్. ఆ టాబ్‌ను మొత్తం రీసెట్ చేసి, పనికిరాని యాప్‌లు లేకుండా వాడికి ఇస్తే ఇంకో రెండేళ్లు పాఠాలకు నడుస్తుంది. పాత లాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేస్తానని బిడ్డే అంది. దానికి తరంతో పెద్ద పేచీ లేదట. తమ్ముడికి టైపింగ్ నేర్పుతుందట.

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కోసం బర్ దుబాయిలో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుకు పోయాను, మనోళ్లు కంప్యూటర్ స్ట్రీట్ అంటారు. అక్కడ చూసుకోవలసినవి కొన్ని. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కి చూడండి, సిగ్గుపడొద్దు. కెమెరా, వైఫై, స్పీకర్ చూడండి. చార్జర్ తీసేసి పావుగంట నడిపించండి, బ్యాటరీ సంగతి తేలుతుంది. మూత తెరిచి మూసే కీలు వదులుగా ఉంటే వద్దు. విండోస్ యాక్టివేట్ అయి ఉందా చూడండి. ఒక ముఖ్యమైన మాట. ఇవి చాలావరకు కంపెనీలు వాడి వదిలేసినవి. తెరవగానే ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల ఈమెయిల్ అడిగితే, ఎంత చవకైనా వదిలేయండి. ఆ తాళం దుకాణపాయన తీసినట్టు కనపడినా మళ్లీ పడవచ్చు. కీబోర్డు మీద అరబీ అక్షరాలు కూడా ఉంటాయి, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే మన ఊరి కరెంటుకు సరిపోతుంది. పిన్ మాత్రం వేరు, ఊళ్లో కన్వర్టర్ కొనండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. కొత్తది కొంటే వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని అడిగి, అవునంటే బిల్లు మీదే రాయించండి.

ఎయిర్‌పోర్టు సంగతి చాలామంది అడిగారు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకుపోవచ్చు. టాబ్ గానీ, రెండో లాప్‌టాప్ గానీ మిగతా సామాన్ల లెక్కలోకి వస్తాయి, ఆ పరిమితి దాటితే సుంకం కట్టాలి. లాప్‌టాప్ చేతి సంచిలోనే పెట్టుకోండి. పవర్ బ్యాంక్ పెద్ద సూట్‌కేసులో అసలే పెట్టొద్దు. ఎవరైనా సీలు వేసిన డబ్బా ఇచ్చి "మా ఇంట్ల ఇయ్యి అన్నా" అంటే, విప్పి చూపించమనండి. మనవాడైనా సరే.

డబ్బు సంగతి ఒక్క మాట. క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టి కొనొద్దు, ఇంకొకరి కార్డు మీద అసలే కొనొద్దు. నేను పోయినసారి చేతిలో డబ్బుతోనే కొన్నాను, అయినా అది తప్పు కొనుగోలే. వాయిదాలో పడి ఉంటే ఆ తప్పుకు నెలనెలా జీతం కట్టేవాణ్ణి.

పాతది అమ్మేవాళ్లు, ఎవరికైనా ఇచ్చేవాళ్లు ముందు అందులోంచి గూగుల్ ఖాతా తీసేయండి, తరవాత రీసెట్ చేయండి. మన పాస్‌పోర్టు కాపీలు, వీసా కాపీలు, ఇంటివాళ్ల ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి.

వచ్చే సెలవు రోజు సాయంత్రం ఐదింటికి కాకినాడ తమ్ముడు, నేను ఇదే హాల్లో కూర్చుంటాం. ఎవరి దగ్గరైనా పాత లాప్‌టాప్ ఉంటే తీసుకురండి, ఏ తరమో, లోపల ఏ డిస్క్ ఉందో చూసి చెప్తాం. లాప్‌టాప్ ఊళ్లో ఉంటే పిల్లలను ఆ టైముకు వీడియో కాల్‌లో ఉండమనండి. స్క్రూడ్రైవర్ నా దగ్గర ఉంది. చార్జర్ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.