గింజ ఆగదు, ఫైలు ఆగుతుంది

(పెన్షనర్ల దినోత్సవం నాడు కె.కోటపాడులో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తేల్చి చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కూడుకుని డి.ఏ. గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి నన్ను మాత్రం విశ్వవిద్యాలయాలు కలిసి చేసే పరిశోధన గురించి మాట్లాడమన్నారు. గుమాస్తాకి పరిశోధనతో ఏం పని అని కొందరు నవ్వుకుని ఉంటారు. పని ఉంది. అదే మనవి చేస్తాను.

మనది చెరకు పండిన సీమ. ఇప్పుడు సాగు తగ్గింది గాని, అనకాపల్లి బెల్లం అంటే దేశమంతా తెలుసు. మన రైతులు 87 ఎ 298 అని పిలుచుకునే రకం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు కో.ఎ 92081. 'కో' అంటే కోయంబత్తూరు, 'ఎ' అంటే అనకాపల్లి. రెండు ఊళ్ళ చెలిమి ఆ పేరులోనే ఉంది.

కోయంబత్తూరులో చెరకు బాగా పూస్తుంది, గింజ పడుతుంది. అందుకే 1912లో అక్కడ చెరకు ప్రజనన కేంద్రం పెట్టారు. మరుసటి ఏడాది, 1913లో, అనకాపల్లిలో పరిశోధనా స్థానం వచ్చింది. పూత కాలంలో రాష్ట్రాల శాస్త్రవేత్తలు కోయంబత్తూరు వెళ్ళి, తమకు కావలసిన జతలను సంకరం చేయించుకుంటారు. దూదిపింజలాంటి ఆ గింజను తమ ఊరికి తెచ్చి మొలిపిస్తారు. వేల మొక్కల్లోంచి ఏరి, ఏరినవాటిని మళ్ళీ నాటి, ఎర్ర కుళ్ళు తెగులుకు తట్టుకునేదేదో, రసంలో తీపి ఉన్నదేదో చూసి ఒక రకాన్ని తేల్చడానికి పది పన్నెండేళ్ళు పడుతుంది. అక్కడిది కేంద్ర సంస్థ, ఇక్కడిది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన స్థానం. ఏ ఒక్కరూ ఒంటరిగా చేయగలిగిన పని కాదిది.

ఇలాంటి పొత్తులను పెంచాలనే ఇప్పుడు ఢిల్లీలోనూ చూస్తున్నారు. 2023లో పార్లమెంటు చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించింది. దాని 'పెయిర్' పథకం బండిచక్రం లాంటిది. మేటి సంస్థ ఒకటి చక్రానికి బొడ్డు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వంటివి దాని చుట్టూ ఆకులు. బొడ్డు దగ్గరున్న పరికరాలూ అనుభవమూ ఆకులకు అందాలని ఉద్దేశం. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం - ఒకే చందా' పథకం అమలులోకి వచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. పరిశోధనా పత్రికలు సుమారు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలు 6,300కు పైగా. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివే పిల్లకీ, 2008లో వచ్చిన శ్రీకాకుళం అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లవాడికీ ఒకే పత్రిక అందడం చిన్న సంగతి కాదు.

అయితే చట్టమొక్కటే చాలదు. చక్రం తిరగాలంటే కందెన కావాలి. ఆ కందెన మన చేతుల్లో ఉంటుంది. నా అనుభవం ఒకటి చెబుతాను. ఆఫీసు పేరు అవసరం లేదు, తప్పు నాది.

రెండు సంస్థలు కలిసి చేస్తున్న ఒక పంట పరీక్షకు చిన్న పరికరం కావలసి ఇండెంటు వచ్చింది. మూడు కొటేషన్లలో ఒకదాని మీద తేదీ లేదు. నేను ఆబ్జెక్షను రాసి తిప్పి పంపాను. తేదీ వేయించుకుని మళ్ళీ వచ్చింది. అప్పుడు, మొదటే చూడవలసిన ఇంకో లోపం కనిపించింది. మళ్ళీ తిప్పాను. మూడోసారి వచ్చేసరికి మార్చి ఆఖరు వారం. బిల్లు ట్రెజరీ దాటలేదు, డబ్బు లాప్సయింది. అవతలి సంస్థ నుంచి వచ్చి పనిచేస్తున్న కుర్రాడు నా బల్ల దగ్గర నిలబడ్డాడు. కోప్పడలేదు. "మళ్ళీ పంట ఏడాదికి గదండీ వచ్చేది" అన్నాడు. అంతే.

నేను రూలు తప్పలేదు. ఆడిటు వాళ్ళు నా నోటు చూసి మెచ్చుకున్నారు కూడా. కాని ఒక్క ఫోను చేసి ఉంటే ఆ తేదీ గంటలో పడేది. ఫైలును ఆపగలను గాని గింజను ఆపలేనని నాకప్పుడు తోచలేదు. ఆ కుర్రాడి మాట రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు.

2025 జూన్‌లో కేంద్రం, పరిశోధనా సంస్థల్లో కొటేషన్లు లేకుండా కొనుక్కునే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షల రూపాయలకు పెంచింది. చదివి సంతోషించాను. అయినా పరిమితి దాటిన ఫైలు గుమాస్తా బల్ల మీదికే వస్తుంది. ఇప్పుడది కంప్యూటరులో వస్తుంది. కంప్యూటరులో కూడా ఫైలు పడుకోగలదు.

అందుకని మన సంఘానికి నాదొక విన్నపం. సర్వీసులో ఉన్న మన పిల్లలకు రెండు మాటలు చెబుదాం. ఆబ్జెక్షన్లన్నీ ఒకేసారి రాయండి. రాసే ముందు ఒక ఫోను చేయండి. రూల్సు మనకు కంఠతా వచ్చు. దగ్గరలోని కళాశాలలోనో, పరిశోధనా స్థానంలోనో ఎవరైనా దరఖాస్తు, ఖర్చు లెక్క, యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసుకోలేక తంటాలు పడుతుంటే, వారానికొక పూట ఉచితంగా కూర్చుని రాసిపెడదాం. శాస్త్రం మనకు రాకపోవచ్చు. శాస్త్రజ్ఞుడి సమయం మిగల్చడం వచ్చు.

పెన్షను మన హక్కే. ఆ హక్కు సంపాదించిన సర్వీసులో మనం ఆపిన పనులు కూడా కొన్ని ఉంటాయి. వాటి బాకీ ఈ విధంగా కొంత తీర్చుకుందామని నా కోరిక.