మూర్ఛ వ్యాధి: మెదడులో జరుగునదేమి? మనము చేయవలసినదేమి?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షిక సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గురించియో, మాతృభాషను గురించియో మాట్లాడుట వాడుక. ఆ వివరములన్నియు నివేదికలో ఉన్నవి. నేడు నేను మూర్ఛ వ్యాధిని గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన దేశములో సుమారు కోటి మందికి, ప్రపంచమున 5 కోట్ల మందికి ఈ వ్యాధి కలదని అంచనా. అనగా రెండు మూడు వందల మంది పిల్లలున్న ఏ పాఠశాలలోనైనను ఒకరిద్దరు ఉండుటకు అవకాశము కలదు. అయినను ఉపాధ్యాయులకు ఆ సంగతి తెలియదు. ఇంటివారు దాచుదురు. ఆడపిల్ల యైనచో పెండ్లి సంబంధము చెడునని మరింత దాచుదురు. కొంతకాలమునకు బడి మాన్పింతురు. తగిన మందు వాడినచో నూటికి 70 మంది మూర్ఛలు లేకుండ బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అట్టి వ్యాధికి భయపడి బిడ్డ చదువును బలి యిచ్చుట న్యాయమా?

నేను వైద్యుడను కాను. పెద్దలు వ్రాసినది చదివి, పిల్లలకు పాఠము చెప్పునట్లు మన భాషలో మీకు చెప్పుచున్నాను. ఒక వస్తువు ఎట్లు పనిచేయునో తెలిసినచో దాని యందు భయము సగము తగ్గును.

మనము మూర్ఛ యందుము, ఫిట్స్ అందుము. మన బీదరు బజారులో కన్నడమువారు మూర్ఛె రోగమనియు, ఉర్దూవారు మిర్గీ యనియు అందురు. శాస్త్రములలో దీని పేరు అపస్మారము, అనగా స్మృతి తప్పుట. నటరాజస్వామి పాదము క్రింద అణగియున్న మరుగుజ్జు రాక్షసునకును ఇదే పేరు. అందుచేతనే కాబోలు, ఇది దయ్యపు పని యను నమ్మకము మనలో బలపడినది. కాని చరక సంహితలో ఈ వ్యాధి నిదానమునకు ఒక అధ్యాయమును, చికిత్సకు వేరొక అధ్యాయమును కలవు. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర ప్రసిద్ధమైన గ్రంథము సుమారు 2400 సంవత్సరముల క్రిందటనే ఇది మెదడులో పుట్టు వ్యాధి యని వాదించినది.

ఇక మెదడులో జరుగునదేమి? మన మెదడులో సుమారు 8600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము వేలాది కణములతో సంబంధము కలిగియుండును. కణము లోపలికిని వెలుపలికిని నడుమ సుమారు 70 మిల్లీవోల్టుల విద్యుత్తు నిలిచియుండును. టార్చిలైటులో వేయు బ్యాటరీలో ఉన్నదానిలో ఇది ఇరువదవ వంతు. కణపు గోడలో సన్నని ద్వారములు కలవు. అవి తెరచుకొని సోడియము లోపలికి దూకినచో కణము ఒక సంకేతమును పంపును. పొటాషియము వెలుపలికి పోయినచో మరల శాంతించును. చిందరవందరయైన సోడియమును, పొటాషియమును తిరిగి వాని స్థానములకు చేర్చు పంపు యంత్రము ప్రతి కణమునందును ఉన్నది.

ఆ యంత్రమునకు ఇంధనము ఏ.టి.పి. యను పదార్థము. దానిని 1929లో జర్మనీలో లోమన్ ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలసి, వారికి సంబంధము లేకుండ స్వతంత్రముగ కనుగొన్నవారు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మెదడు బరువు దేహములో నూటికి 2 వంతులే యైనను, అది వాడుకొను శక్తి 20 వంతులు. అందుచే రక్తములో చక్కెర మిక్కిలి తగ్గినను, ప్రాణవాయువు చాలకున్నను మూర్ఛ రావచ్చును.

నాడీకణములలో రెండు తెగలు కలవు. ఒక తెగ గ్లూటమేటు అను ద్రవ్యమును విడిచి ప్రక్క కణమును ప్రేరేపించును. రెండవ తెగ గాబా యను ద్రవ్యమును విడిచి దానిని అణచును. తరగతి గదిని తలచుకొనుడు. నలుబది మంది పిల్లలు ఎవరి పాఠము వారు మెల్లగా చదువుకొందురు. తరగతి నాయకుడు హద్దు మీరినవానిని ఊరకుండుమనును. నాయకుడు లేకున్నను, పిల్లలు మరీ ఉద్రేకపడినను, అందరును ఒకే మాటను ఒకే లయలో అరచుట మొదలిడుదురు. ఆ అరపు గోడ దాటి ప్రక్క గదికిని పాకును. అప్పుడు ధ్వని హెచ్చును గాని చదువు సాగదు. మూర్ఛ యనగా ఇదియే. కణములు పని మానుట కాదు. వేలు లక్షల కణములు ఒక్కసారిగ, ఒకే లయలో, అదుపు తప్పి పనిచేయుట. లండనులో జాక్సన్ అను వైద్యుడు 1870వ దశకముననే ఈ సంగతిని ఊహించెను. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ తలపై తీగలు పెట్టి మెదడు విద్యుత్తును తొలిసారి గీతలుగ వ్రాయించెను. నేడు ఇ.ఇ.జి. యని మనము చేయించునది ఆ పరీక్షయే.

అలజడి ఏ మార్గమున తిరుగునో దానినిబట్టి వ్యాధి రూపము మారును. మెదడు పైపొరకును, లోపలనున్న థాలమస్ అను భాగమునకును మధ్య రాకపోకలు కలవు. కొందరు పిల్లలలో ఆ చక్రము సెకనుకు మూడు మారుల చొప్పున ఊగును. అట్టి బిడ్డ పడడు, కొట్టుకొనడు. పది సెకనులు కన్నులార్పుచు శూన్యముగ చూచి, మరల పాఠములో పడును. దినమునకు ఎన్నో మారులు ఇట్లు జరుగవచ్చును. చూచువారు పరధ్యానమని కోపగించి దండింతురు. పిలిచినను, తట్టినను పలుకక, మధ్యలో ఆగిన మాట ఆగినట్లే యున్నచో అది అశ్రద్ధ కాదు, వ్యాధి యని అనుమానించి వైద్యునకు చూపవలయును.

కణతల లోపల జ్ఞాపకములకు మూలమైన హిప్పోకాంపస్ అను భాగము కలదు. అలజడి అచ్చట పుట్టినచో, కడుపులోనుండి ఏదో పైకి వచ్చినట్లుండును. కారణము లేని భయము, లేని వాసన తోచును. పెదవులు చప్పరించుట, బట్టలు పీకుట కనిపించును. గాలి సోకినదని మనవారు అనునది తరచుగ ఇదియే. తలకు గాయమైన పిమ్మట నెలలకో, ఏండ్లకో మూర్ఛ మొదలగుట కలదు. గాయపడినచోట కొన్ని కణములు నశింపగా, మిగిలినవి క్రొత్త కొమ్మలు వేసి తమలో తామే చుట్టుకొని అలజడిని పెంచుకొనును. మోటారు సైకిలుపై శిరస్త్రాణము ధరింపుడని పోలీసువారు చెప్పుమాట ఇందుకును వర్తించును.

కొందరిలో లోపము పుట్టుకతో వచ్చును. డ్రావే యను ఫ్రెంచి వైద్యురాలు 1978లో వర్ణించిన కఠినమైన శిశు మూర్ఛకు కారణము 2001లో తెలిసినది. సోడియము ద్వారమును నిర్మించు జన్యువులో లోపముండి, ముఖ్యముగ అణచు కణములే బలహీనపడుచున్నవి. తరగతి నాయకుని గొంతు పోయినట్లన్నమాట. అట్టి శిశువునకు జ్వరము వచ్చినపుడు మూర్ఛ వచ్చును. అయితే ఆరు నెలలనుండి ఐదేండ్ల లోపు పిల్లలకు జ్వరములో వచ్చు మూర్ఛలలో అధిక భాగము వయసుతో పోవునవే గాని, మూర్ఛ వ్యాధిగ మారవు.

వేడికిని మూర్ఛకును గల సంబంధమునకు మన కర్ణాటకమే ప్రసిద్ధి. తలపై వేడినీళ్ళు పోయగా వచ్చు మూర్ఛను 1945లో న్యూజిలాండున వర్ణించిరి. 1968లో డాక్టరు కె. యస్. మణిగారును వారి సహచరులును దక్షిణ భారతములోని రోగులను గురించి వ్రాసిరి. తరువాత బెంగుళూరులోని నిమ్హాన్సులో డాక్టరు పి. సతీశ్చంద్రగారు దీనిని విశేషముగ పరిశోధించిరి. మైసూరు ప్రాంతమున ఇది ఎక్కువ. మన జిల్లా అచ్చటికి దూరమే. కాని కాగులో మరగిన నీటిని చెంబుతో గబగబ తలపై క్రుమ్మరించు తలంటు అలవాటు మనకును కలదు. స్నానమున బిడ్డ తెలివి తప్పినచో జలపిశాచమని భయపడకుడు. గోరువెచ్చని నీళ్ళు మెల్లగ పోయుడు, వైద్యుని అడుగుడు. చాలమందికి నీటి వేడి తగ్గించుటయే చికిత్సలో మొదటి మెట్టు.

మన దేశమున మరియొక ముఖ్య కారణము పంది బద్దెపురుగు గ్రుడ్లు. మలముతో కలిసిన నీటి వలనను, సరిగ కడుగని పచ్చి కూరల వలనను అవి లోపలికి పోయి, పిల్లపురుగు మెదడులో గూడు కట్టును. మాంసము ముట్టనివారికిని ఇది రావచ్చును. చేతులు కడుగుకొనుడని మేము పిల్లలకు నూరిపోయునది ఇందుకు కూడ.

మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట మనవారి వాడుక. ఇనుము పెట్టగానే తగ్గినదందురు. సత్యమేమనగా, అధిక భాగము మూర్ఛలు రెండు మూడు నిమిషములలో వానియంతట అవియే ఆగును. ఏ.టి.పి. ఖర్చైనపుడు మిగులు అడినోసిను అను పదార్థము కణములను జోకొట్టును. ఆగుటకు గల కారణములలో అదియొకటి. మెదడు తన్ను తాను అదుపు చేసికొనగా కీర్తి తాళపుచెవికి దక్కుచున్నది.

కాని ఐదు నిమిషములు దాటినను ఆగనిచో ప్రమాదము. అప్పుడు గాబాను అందుకొను గ్రాహకములు కణము లోపలికి ముడుచుకొనును. ఆలస్యమైనకొలది మందు పట్టదు. కావున గడియారము చూడుడు. బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, తల క్రింద మెత్తని గుడ్డ నుంచుడు. నోటిలో చెంచా గాని, నీరు గాని పెట్టకుడు. కాలుసేతులు అదిమి పట్టకుడు. ఐదు నిమిషములు దాటినను, తెలివి రాకమునుపే మరల వచ్చినను 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపొండు. మన ఊరిలో బ్రిమ్స్ ఆసుపత్రి కలదు.

మందుల సంగతి. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చినవి. తరువాత మరెన్నియో వచ్చినవి. ఫినోబార్బిటాల్, క్లోబజాము గాబా పనికి బలమిచ్చును. ఫెనిటాయిన్, కార్బమజెపీను సోడియము ద్వారములు ఊరక తెరచుకొనకుండ చూచును. మందు వ్యాధిని తుడిచివేయునది కాదు, కణములను అదుపులో ఉంచునది. ఆరు నెలలు మూర్ఛ రాలేదు గదా యని హఠాత్తుగ మానినచో, నాయకుని ఒక్కసారిగ తరగతినుండి పిలిచివేసినట్లగును. మునుపటికన్న తీవ్రముగ రావచ్చును. సామాన్యముగ రెండేండ్లు మూర్ఛ లేకున్న పిమ్మట, వైద్యుడే ఆలోచించి మెల్లమెల్లగ తగ్గించును. ఆడపిల్లల విషయమున ఒక మాట: కొన్ని మందులు గర్భస్థ శిశువునకు హాని చేయును గనుక, పెండ్లికి ముందే వైద్యునితో మాట్లాడవలయును. మందులకు లొంగని కొందరికి, అలజడి పుట్టుచోటును గుర్తించి శస్త్రచికిత్స చేయుదురు.

పెండ్లి మాట వచ్చినది గనుక చట్టము మాట కూడ చెప్పెదను. 1955 నాటి హిందూ వివాహ చట్టమును 1976లో సవరించినపుడు, మాటిమాటికి మూర్ఛ వచ్చుట వివాహమునకు అడ్డంకిగ చేర్చిరి. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. చట్టము విడిచిన భయమును మనము పట్టుకొని వ్రేలాడనేల?

మన ఇండ్లలో తెలుగు, వైద్యుని యొద్ద కన్నడమో, ఇంగ్లీషో. తల్లి చూచినది ఒకటి, తండ్రి తెలిసీ తెలియని భాషలో చెప్పునది ఒకటి యగుచున్నది. ఈ వ్యాధిలో వైద్యునకు ముఖ్యమైన ఆధారము చూచినవారు చెప్పు వర్ణనయే. అందుచే ఒక నోటుపుస్తకమున తెలుగులోనే వ్రాయుడు: ఏ తేదీన, ఏ వేళ, ఎన్ని నిమిషములు, ముందు ఏ చేయి కదలినది, కన్నులు ఎటు తిరిగినవి, ముందునాటి రాత్రి నిద్ర యున్నదా, మందు తప్పినదా. వీలైనచో ఫోనులో చిత్రము తీయుడు. ఆ పుస్తకమును మాకు తెచ్చినచో కన్నడమునకో, ఇంగ్లీషునకో మార్చి వ్రాసి యిచ్చెదము. అది మా ధర్మము.

నా కోరిక యొక్కటే. బిడ్డకు ఈ వ్యాధి ఉన్నచో తరగతి ఉపాధ్యాయునకు రహస్యముగనైనను చెప్పుడు. మందు పేరును, మీ ఫోను సంఖ్యను వ్రాసి యిండు. మేము దానిని చాటము. అట్టి బిడ్డను బావి గట్టునకు ఒంటరిగ పంపము, చెట్టెక్కనీయము. పాఠమునకు మాత్రము అందరితో సమానముగ కూర్చుండబెట్టెదము. బిడ్డ మెదడులో అప్పుడప్పుడు రేగు అలజడి రెండు నిమిషములలో అణగును. మన భయము వలన బడి మానినచో ఆ నష్టము జీవితాంతము తీరదు.