ఇనుములో మిగిలిన తోడు



తెలుగులో శాస్త్రం రాసేవాళ్ల సభ ఇది. మన కాలవ గట్ల మీదా పిండిమరల్లోనూ తిరిగే ఇండక్షన్ మోటారు గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. దానికి కరెంటిస్తే తిరుగుతుందని పల్లెలో పిల్లవాడికి కూడా తెలుసు. దాన్నే మనం తిప్పితే కరెంటిస్తుందన్న సంగతి మాత్రం డిగ్రీ పుస్తకాలు దాటి బయటికి రాలేదు.

నేను చదువుకునే రోజుల్లో లేబొరేటరీలో ఓ మధ్యాహ్నమంతా ఈ ప్రయోగంతో కుస్తీ పట్టాను. మూడు ఫేజుల మోటారు, దాన్ని తిప్పడానికి ఇంకో డీసీ మోటారు, కొనలకు మూడు కెపాసిటర్లు. వేగం సరిగ్గానే ఉంది, తీగలు సరిగ్గానే ఉన్నాయి, వోల్టుమీటరు ముల్లు మాత్రం కదలలేదు. లేబ్ అటెండరు వచ్చి చూసి, “ఇది ఏళ్ల తరబడి మూల పడున్న మోటారు బాబూ” అన్నాడు. మోటారు ఆపించి, కారు బ్యాటరీ తెచ్చి, వైండింగ్ కొనలకు కొన్ని క్షణాలు తగిలించి తీసేశాడు. మళ్లీ తిప్పాం. ముల్లు రెండు మూడు వోల్టుల దగ్గర కాసేపు తటపటాయించి, ఒక్కసారిగా 400 దాకా లేచింది.

ఆ రాత్రి మా అమ్మ పక్కింటికి గిన్నె పంపించి తోడు తెప్పించుకోవడం చూశాక గాని నాకు అసలు విషయం బోధపడలేదు. పాలు ఎన్ని ఉన్నా, వేడి ఎంత కుదిరినా, తోడు చుక్క లేకపోతే పెరుగు కాదు. మోటారులో తిరిగే భాగమైన రోటరులోని ఇనుములో వెనకటి వాడకం నుంచి కాస్త అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది. అదే ఆ చుక్క. రోటరు తిరిగితే చుట్టూ కదలకుండా ఉండే స్టేటరులో రెండు మూడు వోల్టులు పుడతాయి. ఆ వోల్టేజీకి కెపాసిటర్ల గుండా ప్రవహించే కరెంటు అయస్కాంతత్వాన్ని మరికాస్త పెంచుతుంది. దాంతో వోల్టేజీ పెరుగుతుంది, వోల్టేజీతో కరెంటు పెరుగుతుంది.

మరి ఎక్కడ ఆగుతుంది? పెరుగు పోలిక ఇక్కడ చాలదు. ఇనుము కడుపు నిండినప్పుడు ఆగుతుంది. కరెంటు ఎంత పెంచినా అయస్కాంతత్వం ఇక అంతగా పెరగని స్థితి ఒకటుంది. దాన్ని సంతృప్తత అంటున్నాం. చాలా యంత్రాల్లో ఇంజనీర్లు దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. ఈ యంత్రం మాత్రం దాని దయవల్లే ఒక వోల్టేజీ దగ్గర నిలబడుతుంది. నాకు ఇందులో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

1935లోనే బాసెట్, పాటర్ అనే ఇద్దరు అమెరికాలో కెపాసిటర్లతో కరెంటు పుట్టించే ఈ పద్ధతిని పత్రంగా ప్రకటించారు. 1957లో డెన్మార్క్‌లోని గెడ్సర్ దగ్గర యోహానెస్ యూల్ నిలిపిన 200 కిలోవాట్ల గాలిమరలో ఉన్నదీ ఇండక్షన్ జనరేటరే. అయితే దానికి కావలసిన అయస్కాంత కరెంటు గ్రిడ్ నుంచి వచ్చేది. గ్రిడ్ లేని చోట ఆ పని కెపాసిటర్లది. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు ఎస్.ఎస్. మూర్తి, సహచరులు 1982లో ప్రచురించిన విశ్లేషణను ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ చదువుతారు.

ఎంత కెపాసిటర్ కావాలన్న లెక్క పెద్దదేం కాదు. 5 హెచ్‌పీ, 415 వోల్టుల మోటారు లోడు లేకుండా సుమారు మూడున్నర ఆంపియర్లు లాగుతుందనుకోండి. కెపాసిటర్లను డెల్టాలో కడితే ఫేజుకు 15 మైక్రోఫారడ్ల దగ్గర పడుతుంది. స్టార్‌లో కడితే దానికి మూడింతలు కావాలి. లోడు వేసినకొద్దీ ఇంకొంత కలపాలి. నాలుగు పోళ్ల మోటారైతే 50 హెర్ట్జ్ కోసం నిమిషానికి 1500 చుట్లు దాటించి, లోడును బట్టి 1550 దాకా తిప్పాలి. రేటింగులో 80 శాతానికి మించి లోడు పెట్టకపోవడం మంచిది.

దీని లోపాలు దాచను. లోడు పెరిగితే వోల్టేజీ జారిపోతుంది. ఇంకో మోటారును దీనితో నడపబోతే వోల్టేజీ తరచు కూలిపోతుంది. షార్ట్ అయితే వైండింగ్ కాలదు, వోల్టేజీయే చచ్చిపోతుంది, ఒక్కోసారి తోడు కూడా పోతుంది. అసలు ప్రమాదం లోడు హఠాత్తుగా తీసేసినప్పుడు. యంత్రాన్ని తిప్పే టర్బైను పరుగెత్తుతుంది, వోల్టేజీ ఎగబాకుతుంది, బల్బులూ కెపాసిటర్లూ పోతాయి. అందుకే వాగు నీటి మీద నడిపేచోట లోడ్ కంట్రోలర్ పెడతారు. ఇళ్లలో వాడకుండా మిగిలిన కరెంటును అది హీటర్ కాయిల్‌లోకి మళ్లిస్తుంది. యంత్రానికి ఎప్పుడూ ఒకే బరువు ఉంటుంది. నా తీర్పు అడిగితే, కొండవాగు పక్కన ఇరవై ఇళ్ల గూడెంలో దీపాలకూ ఫోన్లకూ ఇది చాలిన యంత్రం. రైస్‌మిల్లుకు కాదు.

ఇలాంటి గూడేనికి మూడు ఫేజులు అక్కర్లేదు. 3 హెచ్‌పీ లోపు మోటార్లు మనవైపు సాధారణంగా స్టార్‌లో ఉంటాయి. డెల్టాకు మార్చితే 240 వోల్టులకు సరిపోతాయి. ఒక ఫేజు మీద కెపాసిటర్, మరో దాని మీద దానికి రెట్టింపు కట్టి, మొదటి ఫేజు నుంచే కరెంటు తీసుకోవచ్చు. రెట్టింపుది ఏ ఫేజుకన్నది తిరిగే దిశ నిర్ణయిస్తుంది. తప్పితే మోటారు వేడెక్కుతుంది.

నేను చెప్పినవన్నీ వైండింగ్ షాపులో కూర్చున్న మెకానిక్ సాయంత్రానికల్లా చేయగలడు. అతనికి తెలుగులో నలభై పేజీల పుస్తకం కావాలి. అందులో ‘అవశేష అయస్కాంతత్వం’ ఒకసారి రాసి, తర్వాత ‘తోడు’ అనే రాయండి. అచ్చుకు పంపేముందు అతనికి చదివి వినిపించండి. అతను ఆగిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రెండు మాటలు వేయండి: యంత్రం ఆగిపోయాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు ఉండొచ్చు. ఈ యంత్రాన్ని ఊరి లైనుకు ఎప్పుడూ కలపకండి, స్తంభం మీద లైన్‌మన్ ఉండొచ్చు.