బాలింత దిగులుకు కారణం ఎక్కడున్నది?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చక్కెర జబ్బు గురించి, రక్తపోటు గురించి మీరు చాలా విని వుంటారు. అందుచేత ఇళ్ళలో అందరూ చూస్తూ ఎవరూ నోరు విప్పని విషయం ఒకటి ఎంచుకున్నాము.

కాన్పయి పది రోజులు కాలేదు. బిడ్డ బంగారంలా వున్నాడు. తల్లి మాత్రం గోడవైపు తిరిగి ఏడుస్తున్నది. "నజర్ తగిలింది" అని ఒకరంటారు. "గాలి సోకింది" అని ఇంకొకరు. "అంతా నఖరా" అని మరొకరు. ఎందుకేడుస్తున్నావమ్మా అంటే ఆ పిల్లకే తెలియదు.

దీని మూలం తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు పుంజు పిల్లలకు వృషణాలు తీసివేశాడు. వాటికి తలమీది జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, కొట్లాట లేదు. వృషణాన్ని తిరిగి కడుపులో పెడితే మామూలు పుంజులే అయినాయి. పాత నరాలు తెగిపోయినా ఇట్లా జరిగిందంటే, ఏదో పదార్థం రక్తంలో కలిసి నడవడిని మారుస్తున్నదని ఆయన తేల్చాడు. ఇటువంటి పదార్థాలకే 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరు పెట్టాడు.

మన మెదడులోని కణాలు రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. వాటిలో సెరటోనిన్ అనేది మనసు నిలకడకు, నిద్రకు సంబంధించినది. గాబా అనేది బండికి బ్రేకు వంటిది; మెదడు వేగాన్ని అదుపులో వుంచుతుంది. ఆడవారి హార్మోనులు ఈ కబుర్లలో చేయి పెడతాయి. ఈస్ట్రోజెన్ సెరటోనిన్ పనితీరును మారుస్తుంది. ప్రొజెస్టరోన్ శరీరంలో మార్పు చెంది అల్లోప్రెగ్ననలోన్ అవుతుంది. పేరు నోరు తిరగదు గాని పని సులువే: గాబా బ్రేకును ఇంకా గట్టిగా పట్టేటట్లు చేస్తుంది.

గర్భవతిలో ఈ హార్మోనులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. వాటిని ఎక్కువగా తయారుచేసేది మాయ. కాన్పులో మాయ పడిపోగానే కొద్ది రోజుల్లోనే అవి అడుగుకు దిగిపోతాయి. నెలల తరబడి అలవాటైన మెదడు ఒక్కసారిగా సర్దుకోవాలి. మూడో నాడో నాలుగో నాడో చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపు వచ్చేది ఇందువల్లనే. మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది.

"మేమూ కన్నాము, మాకిట్లా కాలేదే" అని పెద్దవాళ్ళు అనవచ్చు. దీనికి జవాబుగా 2000లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన వున్నది. పదహారుగురు స్త్రీలకు గర్భంలో మాదిరిగా హార్మోనులు పెంచి, తరువాత తగ్గించారు. వారిలో ఎనిమిది మందికి ఇంతకుముందు కాన్పు తరువాత దిగులు జబ్బు వచ్చింది. తక్కిన ఎనిమిది మందికి రాలేదు. హార్మోను తగ్గించేసరికి మొదటి గుంపులో ఐదుగురికి దిగులు తిరగబెట్టింది. రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. అంటే పడిపోవడం అందరికీ వున్నదే. తట్టుకునే తీరు మెదడు మెదడుకూ వేరు. అది పెంపకంలో లోపం కాదు, పిల్ల గుణం కాదు.

ఇదే దారిన 2019లో అమెరికాలో అల్లోప్రెగ్ననలోన్‌నే మందుగా రక్తనాళంలోకి ఎక్కించడానికి అనుమతి ఇచ్చారు. 2023లో పద్నాలుగు రోజులు మింగే మాత్రకు అనుమతి వచ్చింది. మన దగ్గర డాక్టర్లు ఇచ్చే మందులూ, మాటలతో చేసే చికిత్సా కూడా గుణమిస్తాయి. పాలిచ్చే తల్లులకు తగిన మందులున్నవి. పాలిస్తున్న సంగతి డాక్టరుకు చెప్పాలి.

అయితే అంతా హార్మోనుల మీద తోసివేయడం కూడా న్యాయం కాదు. నిద్ర లేకపోవడం, డబ్బు ఇబ్బంది, భర్త గల్ఫ్‌లో వుండటం, "మళ్ళీ ఆడపిల్లేనా" అనే మాట, ఇవన్నీ ఆ మంటకు నూనె పోస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయిన స్త్రీలలో నూటికి సుమారు 13 మంది ఏదో ఒక మానసిక వ్యాధితో, ముఖ్యంగా ఈ దిగులుతో, బాధపడుతున్నారు.

కనుక మేము కోరేది ఇంతే. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. చిల్లా స్నానం అయిపోయింది కదా, ఇక లేచి పని చూసుకో అని తొందరపెట్టకండి. ఈ జబ్బు నలభై రోజుల లెక్క చూసుకోదు. లేని మాటలు వినబడుతున్నాయన్నా, తననో బిడ్డనో ఏమైనా చేసుకుంటానన్నా ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ వున్నది. ఫోను నంబరు 14416.

బాలింతను చూడబోయినప్పుడు మనమంతా బిడ్డ ఎవరి పోలిక అని అడుగుతాము. దానికి ముందు తల్లిని ఒక్క మాట అడుగుదాము: "రాత్రి నిద్రపోయావా బేటీ?" ఆ బిడ్డను కొంతసేపు మనమెత్తుకొని, ఆమెను పడుకోనిద్దాము. సెలవు.