అపార్టుమెంటు ప్లాను – కంప్యూటరు – మన అవసరాలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "పాత ఇల్లు అపార్టుమెంటుకిచ్చారు కదా, ఆ అనుభవం చెప్పండి" అన్నారు. మనలో చాలామంది ఇళ్లు ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నాయి గనుక ఒప్పుకున్నాను.

నేను చిత్తూరులో ఒక ఇంజనీరింగు కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ రోజుల్లో ప్లాను అంటే ట్రేసింగు కాగితం, ఇండియన్ ఇంకు, అమ్మోనియా వాసన కొట్టే ప్రింట్లు. ఒక గోడ జరపాలంటే డ్రాఫ్ట్స్‌మన్ బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. ఆటోక్యాడ్ అమెరికాలో 1982లోనే వచ్చినా, మా కార్యాలయం దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తిరుపతిలో మా నాయన కట్టించిన ఇల్లు 150 అంకణాల స్థలంలో ఉండేది. మన తిరుపతి లెక్కన అంకణం 36 చదరపు అడుగులు. అంటే 5,400 అడుగులు, 600 గజాలు. నేను, తమ్ముడు, చెల్లెలు వారసులం. 2023లో ఒక బిల్డరుతో చెరిసగం పద్ధతిన మాట్లాడుకున్నాం.

బిల్డరు ఆఫీసులో ఒక ఇంజనీరు అమ్మాయి కంప్యూటరులో స్థలం కొలతలు, చుట్టూ వదలాల్సిన జాగా, మెట్లు, లిఫ్టు అన్నీ ఎక్కించింది. కింద కార్లకు వదిలి, పైన నాలుగు అంతస్తులు. గోడలు, నడవ పోను అంతస్తుకు లోపల వాడుకునే జాగా 2,400 అడుగులని తేలింది. ఇందులో 1,200 అడుగులవి రెండు పెట్టాలా, 800వి మూడా, 600వి నాలుగా? ఒక్కొక్కటి నొక్కితే గదుల బొమ్మ మారిపోతుంది. ఎన్ని కార్లకు చోటు కావాలో, అమ్మితే ఎంత వస్తుందో పక్కనే పట్టీలో కనబడుతుంది. మా డ్రాఫ్ట్స్‌మన్‌కు నెల పట్టే పని అది.

బిల్డరు 800 అడుగులవి మూడేసి అన్నాడు. మొత్తం 12. మావి 6, తలా రెండు. తగాదా లేదు. రంగుల బొమ్మ చూసి నేనూ సరేనన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లలో తప్పులు పట్టినవాణ్ణి, ఆ ప్లానులో తలుపుల కొలతల పట్టీ మాత్రం చదవలేదు.

మా ఇంటావిడకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్లు. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఇంటికి తెచ్చిన ప్లాను చూసి "బాత్రూము తలుపు ఎంత?" అని అడిగింది. రెండున్నర అడుగులు. మర్నాడు పొద్దున పనిమనిషి చేత పెరట్లో ముగ్గుపిండితో ఆ బాత్రూమును అసలు కొలతకు గీయించింది. తలుపు వచ్చేచోట రెండు ఇటుకలు పెట్టించి, కుర్చీ తోయమంది. చట్రం పోను మిగిలిన సందులో చక్రం ఇటుకకు తగిలింది. బలవంతాన తోసినా లోపల తిరగడానికి చోటు లేదు. "ఈ వయసులో మీరు నన్ను ఎత్తుకుని పోతారా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆ కొలతలు పట్టుకుని మళ్లీ వెళ్లాను. "మీరు ముందే చెప్పుంటే అప్పుడే వేసేదాన్ని సార్" అంది ఆ అమ్మాయి. కుర్చీకి తలుపు దగ్గర అడ్డం లేకుండా 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు ఉండాలి. తిరగడానికి అయిదడుగుల గుండ్రం కావాలి. అవి వేస్తే 800 అడుగుల ఇంట్లో రెండో పడకగది ఇరుకైపోయింది. చివరికి అంతస్తుకు 900 అడుగులవి రెండు, 600 అడుగులది ఒకటి అని మార్చింది. చిన్నదానిలో పడకగది ఒకటే, బాత్రూము పెద్దది. మొత్తం మళ్లీ 12.

బిల్డరు ఒప్పుకోలేదు. ఒంటి పడకగది ఇల్లు అమ్ముడుపోదన్నాడు. పదిహేను రోజులు వాదులాట. నాలుగు చిన్నవాటిలో రెండు మేమే తీసుకుంటామన్నాక దిగివచ్చాడు. పెద్దవి 4, చిన్నవి 2, వెరసి రెండు పక్షాలకూ 4,800 అడుగులు సమానం. నాకూ చెల్లెలికీ పెద్దది ఒకటి, చిన్నది ఒకటి చొప్పున 1,500. తమ్ముడికి పెద్దవి రెండు, 1,800. తలా 1,600 రావాలి గనుక తమ్ముడు మా ఇద్దరికీ నూరేసి అడుగుల డబ్బు ఇచ్చాడు.

అయ్యా, ఇప్పుడు అనుమతికి క్యాడ్ డ్రాయింగునే ఆన్‌లైన్లో పంపాలి. దాన్నీ సాఫ్ట్‌వేరే పరీక్షిస్తుంది. కానీ అది చూసేది నిబంధనలు మాత్రమే. ఆ ఇంట్లో ఉండబోయేది ఎవరో దానికి తెలియదు. ఆ సంగతి మనమే చెప్పాలి. అందుకని మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: బిల్డరు చెప్పే మొత్తం విస్తీర్ణం కాక, కార్పెట్ ఏరియా అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం బయటి గోడలు, బాల్కనీ ఇందులో చేరవు. లోపలి అడ్డుగోడలు చేరతాయి.

రెండు: మార్పులేవైనా ప్లాను మంజూరుకు ముందే చెప్పండి. ఆ తరువాత కొన్నవారి ఫ్లాటులో మార్పుకు వారి సమ్మతి, భవనం మొత్తం ప్లానులో మార్పుకు కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలని అదే చట్టం చెబుతోంది. అది మనకు రక్షణే గాని, మనం ఆలస్యంగా మేలుకుంటే మనకూ అడ్డమే.

మూడు: సంతకానికి ముందు పడకగదినీ, బాత్రూమునూ నేలమీద ముగ్గుతో గీయించి, ఇంట్లో అందరికంటే ఓపిక తక్కువైనవారిని అందులో నడిపించండి.

బిల్డరు వాటా చిన్న ఇళ్లలో ఒకటి రిటైరైన ఉపాధ్యాయ దంపతులు కొన్నారు. రెండోది చాలాకాలం అమ్ముడుపోలేదు. అతని మాటలోనూ కొంత నిజముందని ఒప్పుకోవాలి. మేము మా చిన్న ఇంట్లో చేరాం. మా ఇంటావిడ పొద్దున్నే ఎవరినీ పిలవకుండా తన కుర్చీ తానే తోసుకుని బాత్రూముకు వెళుతుంది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది.